దగ్గరికొస్తే మోగాలి: చేతి జీపీఎస్ అలారంపై పాఠకుల ప్రశ్నలు

చేతిలో పట్టుకుని తిరిగే జీపీఎస్ పరికరాల్లో ‘ప్రాక్సిమిటీ అలారం’ అనే సౌకర్యం ఉంటుంది. ముందుగా గుర్తుపెట్టిన చోటికి (దీన్నే ‘వేపాయింట్’ అంటారు) మనం ఇంత దూరంలోకి రాగానే అది కూత పెడుతుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దీని గురించే కనుక శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. మెనూ పేర్లు గార్మిన్ ఈట్రెక్స్, జీపీఎస్‌మ్యాప్ పరికరాల్లో ఉన్నట్టు ఇచ్చాం. వేరే కంపెనీ పరికరాల్లో పేర్లు మారవచ్చు, పద్ధతి మాత్రం ఇంచుమించు ఇదే.

ప్రశ్న: వేపాయింట్ గుర్తుపెట్టడం నేర్చుకున్నాను. దానికి అలారం ఎలా పెట్టాలి?

జవాబు: మెయిన్ మెనూలో ‘ప్రాక్సిమిటీ అలారమ్స్’ తెరిచి ‘క్రియేట్ అలారం’ నొక్కండి. ఏ రకం చోటు కావాలో అడుగుతుంది. వేపాయింట్ల జాబితాలోంచి మీది ఎంచుకుని ‘యూజ్’ నొక్కితే, ఎంత దూరంలో మోగాలో ఇవ్వమంటుంది. ఆ అంకె ఇచ్చేస్తే ఆ చోటు చుట్టూ ఒక వలయం ఏర్పడినట్టే. మీరు వలయం లోపలికి అడుగుపెట్టినప్పుడు అలారం మోగుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇంకో సగం పని మిగిలే ఉంది. ‘సెటప్’లో ‘టోన్స్’ తెరవండి. అక్కడ మొదట మొత్తం శబ్దాల స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత కింద ‘ప్రాక్సిమిటీ అలారమ్స్’కు విడిగా ఒక శబ్దం ఎంచుకోవాలి. మీటలు నొక్కినప్పుడు వచ్చే శబ్దం, దారి మలుపు శబ్దం, ఈ అలారం శబ్దం మూడూ వేరువేరుగా వినిపించేలా పెట్టుకోండి. అన్నీ ఒకేలా ఉంటే నాలుగో కూతకల్లా చెవి వాటిని పట్టించుకోవడం మానేస్తుంది.

దూరం ఇచ్చే ముందు కొలత ఏమిటో కూడా గమనించండి. పరికరం అడుగుల్లో అడుగుతుంటే మీరు మీటర్లనుకుని 100 అని ఇస్తే, దక్కేది 30 మీటర్ల వలయమే. ‘సెటప్’లోని ‘యూనిట్స్’లో మెట్రిక్‌కు మార్చుకుంటే ఈ గొడవ ఉండదు.

ప్రయాణానికి ముందు ఒక పరీక్ష తప్పనిసరి. ఖాళీ మైదానంలో ఒక వేపాయింట్ గుర్తుపెట్టి 50 మీటర్ల అలారం పెట్టండి. 150 మీటర్లు దూరం నడిచి, అదే వేపాయింట్‌కు దారి చూపమని పరికరానికి చెప్పి, తెరపై తగ్గుతున్న దూరం చూస్తూ వెనక్కి రండి. దూరం 50 దగ్గర పడగానే మోగాలి. మోగకపోతే లోపం సెట్టింగుల్లో ఉంది. దాన్ని మైదానంలోనే సరిచేసుకోవచ్చు.

ప్రశ్న: రేడియస్, అంటే అలారం మోగాల్సిన దూరం, ఎంత పెట్టాలి? ఒకరు 20 మీటర్లంటారు, ఇంకొకరు 500 అంటారు. ఏది సరైనది?

జవాబు: ఇద్దరిదీ సరైనదే కావచ్చు. కూత విన్నాక ఆగడానికో, పక్కకు తప్పుకోవడానికో మీకు ఎన్ని క్షణాలు కావాలన్నది ముందు తేల్చుకోండి. రేడియస్ దాన్నిబట్టే వస్తుంది. లెక్క ఇది: సెకనుకు మీరు కదిలే మీటర్లను కావలసిన సెకన్లతో గుణించి, దానికి జీపీఎస్ తప్పును (పరికరం చూపే స్థానానికీ అసలు స్థానానికీ ఉండే తేడాను) కలపాలి.

గంటకు 4 కి.మీ. నడక అంటే సెకనుకు 1.1 మీటర్లు. ఒక నిమిషం ముందు తెలియాలంటే 66 మీటర్లు. జీపీఎస్ తప్పు కలుపుకుంటే 80 నుంచి 100 పెట్టడం సబబు. గంటకు 20 కి.మీ. సైకిల్ సెకనుకు 5.6 మీటర్లు పోతుంది. అరనిమిషం ముందు తెలియాలంటే 170 మీటర్లు, తప్పుతో కలిపి 200. గంటకు 60 కి.మీ. వాహనంలో అదే అరనిమిషానికి 500 మీటర్లు కావాలి. నడకకు పెట్టిన 80 మీటర్ల వలయంతో వాహనం ఎక్కితే, మోగిన అయిదు సెకన్లలో ఆ చోటు దాటిపోతారు.

జీపీఎస్ తప్పును చాలామంది ఒక్కసారే లెక్కిస్తారు. నిజానికి అది రెండుసార్లు జరుగుతుంది: ఆ చోటును గుర్తుపెట్టిన రోజు ఒకసారి, మళ్లీ అటు వెళ్లిన రోజు ఇంకోసారి. రెండు తప్పులూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటే కలిసిపోతాయి. 8 మీటర్ల తప్పు రెండుసార్లు పడితే 16 మీటర్లవుతుంది. ఆరుబయట ఫర్వాలేదు కానీ దట్టమైన చెట్ల కింద, కొండ అంచున ఇది ఇంకా పెరుగుతుంది. తెరపై కనిపించే ‘యాక్యురసీ’ పరికరం వేసుకున్న అంచనా మాత్రమే, అసలు తప్పు దాన్ని దాటడం మామూలే. అందుకే ఆ అంకెను రెట్టింపు చేసి లెక్కలో వేసుకోండి. 20 మీటర్ల కంటే చిన్న వలయాన్ని నమ్ముకుని ఏ ప్రమాదం దగ్గరికీ వెళ్లవద్దు.

మొదటి తప్పును తగ్గించడానికి మార్గం ఉంది. మెనూలో ‘వేపాయింట్ యావరేజింగ్’ ఉంటే ఆ చోట నిలబడి నడిపించండి. నమ్మకం 100 శాతానికి చేరాక సేవ్ చేయాలి. ఒకే రోజు వరసగా పది సార్లు కొలిచినా లాభం తక్కువ, ఎందుకంటే ఉపగ్రహాల అమరిక మారదు, తప్పు కూడా అదే దిక్కుకు లాగుతుంది. కనీసం 90 నిమిషాల ఎడంతో నాలుగు నుంచి ఎనిమిది సార్లు కొలవమని గార్మిన్ సూచిస్తుంది. అంత తీరిక లేకపోతే ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి తీసినా ఒక్కసారి తీసినదానికన్నా నయం.

ప్రశ్న: అలారం పెట్టాను, ఆ చోటు దాటి వెళ్లాను, మోగలేదు. పరికరం పాడైందా?

జవాబు: పరికరం పాడవడం అరుదు. వరసగా ఇవి చూడండి.

అలారం పెట్టేటప్పుడు మీరు వలయం లోపలే ఉన్నారా? బయటినుంచి లోపలికి వచ్చే దాటుడుకే చాలా పరికరాలు మోగుతాయి. లోపలే నిలబడి అలారం పెట్టి మోగలేదనుకోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

టోన్స్ గురించి పైన చెప్పాం. ప్రొఫైల్ (నడక, పడవ లాంటి ఒక్కో పనికి విడిగా దాచుకునే సెట్టింగుల కట్ట) మార్చినప్పుడు సెట్టింగులు కూడా మారతాయి కనుక, నడక ప్రొఫైల్‌లో పెట్టిన శబ్దం పడవ ప్రొఫైల్‌లో ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి.

ఇంట్లో సాధన కోసం ‘డెమో మోడ్’ పెట్టి మరిచిపోయారా? అప్పుడు పరికరం ఉపగ్రహాలను వినదు, మీరు ఎంత తిరిగినా దానికి తెలియదు.

ఇవేవీ కాకపోతే మిగిలింది సిగ్నల్. స్థానం తెలియని పరికరం దూరం కొలవలేదు. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి పంపుతుంది. వాటిని తెగకుండా అందుకుంటేనే పరికరం లెక్క మొదలుపెడుతుంది. ఆన్ చేసి వెంటనే సంచిలో వేసి నడక మొదలుపెడితే ఆ వివరాలు ముక్కలు ముక్కలుగా అందుతాయి, తొలి కిలోమీటరు అలాగే గడిచిపోవచ్చు. ఆకాశం బాగా కనిపించే చోట ఆన్ చేసి, స్థానం దొరికేదాకా కదలకుండా ఉండండి. చాన్నాళ్లు వాడని పరికరానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. మొత్తం ఉపగ్రహాల పట్టిక అందడానికే 12.5 నిమిషాలు కావాలి మరి.

ఎలా పట్టుకున్నారన్నది కూడా ముఖ్యమే. జీపీఎస్ తరంగాలను నీరు ఆపేస్తుంది. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే, తడిసిన ఆకులూ అంతే. ప్యాంటు జేబులో ఉన్న పరికరానికి సగం ఆకాశం మీ ఒంటివల్లే మూసుకుపోతుంది. భుజం పట్టీకి తగిలించుకోండి. పైన కొమ్ములాంటి యాంటెన్నా ఉన్న మోడల్ నిలువుగా ఉండాలి, కొమ్ము లేని చదును మోడల్ ముఖం ఆకాశంవైపు ఉండాలి. కూత వినిపించాలన్నా భుజమే మంచి చోటు. గాలి, వాగు హోరు ఉన్నచోట సంచి అడుగునున్న పరికరం మోగినా మీకు వినబడదు.

ప్రశ్న: కొండదారిలో గుడారం వేసే చోటికి 200 మీటర్ల అలారం పెట్టాం. ఒకటిన్నర కిలోమీటర్ల ముందే మోగింది. మళ్లీ రెండుసార్లు మోగింది. ఎందుకు?

జవాబు: మీ దారి పాములా మెలికలు తిరిగి ఎక్కుతోంది. పరికరం కొలిచేది మీ నుంచి ఆ చోటికి గీత గీసినట్టు ఉండే దూరం. దారి పొడవు దానికి పట్టదు. ఎత్తును కూడా అది లెక్కలోకి తీసుకోదు. మీరు కింది మెలికలో ఉన్నప్పుడు గుడారం చోటు పై వాలులో, పటంలో 180 మీటర్ల దూరంలో ఉండి ఉంటుంది. అందుకే మోగింది. దారి దూరం జరిగి మళ్లీ దగ్గరైన ప్రతిసారీ మోగుతుంది. పరికరం తప్పు చేయలేదు.

ఇలాంటి దారుల్లో అలారం గమ్యానికి పెట్టకండి, దారిమీద పెట్టండి. పటం మీద దారి గీత వెంట గమ్యానికి 150 మీటర్ల ముందు ఒక వేపాయింట్ వేసి, దానికి ‘గుడారం 150’ అని అర్థమయ్యే పేరు పెట్టి, 40 మీటర్ల చిన్న వలయం ఇవ్వండి. చిన్న వలయం పక్క మెలికను తాకదు. మెలికలు మరీ దగ్గరగా ఉంటే 30కి తగ్గించవచ్చు. అప్పుడు మాత్రం వేపాయింట్ కచ్చితంగా దారిమీదే పడాలి. దారికి 25 మీటర్లు పక్కన పడితే 30 మీటర్ల వలయంలో మీరు నడిచేది అంచున 33 మీటర్ల ముక్క మాత్రమే. నడిచేవారికి అది అరనిమిషం. గంటకు 20 కి.మీ. సైకిల్‌పై ఆరే సెకన్లు. జీపీఎస్ తప్పు అటువైపు లాగితే ఆ ముక్క కూడా మిగలదు, మోగకుండానే దాటేస్తారు.

మలుపు తప్పిపోయే చోట్లకు కూడా ఇదే పద్ధతి. మలుపు దగ్గర వద్దు, మలుపుకు ముందు పెట్టండి. ఇంకోటి, మలుపు దాటాక 100 మీటర్ల దూరంలో తప్పుదారి మీద మరో వేపాయింట్ వేసి ‘తప్పు’ అని పేరు పెట్టి అలారం ఇవ్వండి. పొగమంచులోనూ, చీకట్లోనూ ఈ రెండోది చేసే మేలు మొదటిదానికన్నా ఎక్కువ.

ప్రశ్న: శిబిరంలో కూర్చుంటే చాలు, పది నిమిషాలకోసారి మోగుతోంది. ఆపేదెలా?

జవాబు: మీరు వలయం అంచుమీద కూర్చున్నారు. మీరు కదలకపోయినా పరికరం చూపే స్థానం కొన్ని మీటర్లు అటూఇటూ తిరుగుతుంటుంది. అలా గీత దాటిన ప్రతిసారీ మోగుతుంది. రేడియస్‌ను కనీసం 30 మీటర్లు పెంచండి లేదా తగ్గించండి.

ప్రశ్న: జలాశయంలో నీట మునిగిన రాళ్ల వరస ఒకటి ఉంది, పొడవు 600 మీటర్లుంటుంది. బోటు అటు పోతే మోగేలా ఎలా చేయాలి? లంగరు వేసి ఉన్నప్పుడు కొట్టుకుపోతే తెలియాలన్నా ఇదే వాడవచ్చా?

జవాబు: ఒకే పెద్ద వలయం పెడితే పనికొచ్చే నీళ్లు కూడా అందులో పడిపోతాయి. అక్కరలేనప్పుడు మోగి మోగి చివరికి మీరే దాన్ని ఆపేస్తారు. వరస వెంట చిన్న వలయాలు గొలుసులా పెట్టండి. రెండు వలయాలు కలిసే చోట కాపలా సన్నబడుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. 200 మీటర్ల రేడియస్‌తో 400 మీటర్ల ఎడం పెడితే వలయాలు ఒకదాన్నొకటి తాకుతాయే గానీ ఆ సందులో రాయి తగిలేదాకా అలారం మోగదు. అదే రేడియస్‌తో 150 మీటర్లకొకటి చొప్పున అయిదు చోట్ల పెడితే, సందు దగ్గర కూడా 185 మీటర్ల ముందే మోగుతుంది. గంటకు 15 కి.మీ. బోటుకు అది 44 సెకన్లు. ఇంజను తగ్గించి తిప్పడానికి ఇది చాలకపోతే రేడియస్ పెంచండి. సులువైన కొండగుర్తు ఏమిటంటే, ఎడం రేడియస్‌కు మించకూడదు. అప్పుడు అత్యంత సన్నని చోట కూడా రేడియస్‌లో దాదాపు 87 శాతం దక్కుతుంది.

నీటిమట్టం తగ్గితే ఆ వరస మీరు గుర్తుపెట్టినదానికన్నా పొడవుగా బయటపడుతుంది. కొలతలు నీరు బాగా తగ్గిన కాలంలో తీసుకోండి. ఎన్ని అలారాలున్నా ఒక మనిషి కళ్లు నీళ్లమీదే ఉండాలి.

లంగరుకు కావలసింది దీనికి తిరగేసిన పని: లోపలినుంచి బయటికి పోతే మోగాలి. కొన్ని పరికరాల్లో ‘యాంకర్ డ్రాగ్’ అలారం విడిగా ఉంటుంది, ఉంటే అదే వాడండి. లంగరు నీళ్లలో పడ్డ క్షణంలోనే ఆ చోటు గుర్తుపెట్టాలి. తాడు సాగి బోటు నిలదొక్కుకున్నాక గుర్తుపెడితే వలయం మధ్యబిందువే తప్పుతుంది, గాలి మారి బోటు అటుపక్కకు తిరగ్గానే ఊరికే మోగుతుంది. తాడు 30 మీటర్లు వదిలితే, జీపీఎస్ తప్పుకు, బోటు పొడవుకు కలిపి ఇంకో 15 వేసి 45 పెట్టండి.

ప్రశ్న: అరవై చోట్ల జాబితా కంప్యూటర్‌లో ఉంది. ఒక్కొక్కటీ మీటలు నొక్కి ఎక్కించాలా?

జవాబు: అక్కరలేదు. గార్మిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘బేస్‌క్యాంప్’లో ప్రతి వేపాయింట్ వివరాల్లో ప్రాక్సిమిటీ అనే గడి ఉంటుంది. దూరం అందులోనే ఇచ్చి పంపవచ్చు. పంపాక పరికరంలోని అలారాల జాబితా తెరిచి, అన్నీ చేరాయో లేదో లెక్కపెట్టండి. చేరనివాటిని చేత్తో ఇవ్వాలి.

రెండో దారి, చోట్ల జాబితాను పరికరంలోకి పంపే గార్మిన్ ప్రోగ్రామ్ ‘పీఓఐ లోడర్’. దీనికి సీఎస్‌వీ ఫైలు (అంశాలను కామాలతో విడదీసి రాసిన పట్టిక) చాలు. ఒక్కో వరసలో రేఖాంశం, అక్షాంశం, పేరు, వివరం. రేఖాంశం ముందు రావడమే ఇక్కడ ముల్లు. మనకు అక్షాంశం ముందు చెప్పడం అలవాటు. రేఖాంశం 90 దాటిన చోట తిరగబడితే తప్పు బయటపడుతుంది, ఎందుకంటే అక్షాంశం 90 మించదు. 90 లోపు ఉన్నచోట మాత్రం సాఫ్ట్‌వేర్ నోరెత్తదు, మీ చోట్లన్నీ ఎక్కడో ధ్రువం దగ్గర పడతాయి. ఎక్కించేటప్పుడు ‘మాన్యువల్’ పద్ధతి ఎంచుకుంటేనే అలారం దూరం అడుగుతుంది. మళ్లీ ఎక్కిస్తే పాత జాబితా చెరిగిపోతుంది కనుక అన్ని ఫైళ్లనూ ఒకే ఫోల్డర్‌లో ఉంచి ఒకేసారి పంపండి. పేర్లు తెలుగులో రాస్తే చాలా పరికరాల్లో గడులే కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో, పొట్టిగా రాయండి.

ప్రశ్న: మిత్రుడు ఫోన్‌లో చెప్పిన అక్షాంశ రేఖాంశాలు ఎక్కిస్తే చోటు దాదాపు 12 కి.మీ. అవతల పడింది. అంత తప్పు ఎలా వస్తుంది?

జవాబు: ఆయన డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో చెప్పారు. మీ పరికరం దశాంశ డిగ్రీల్లో ఉంది. 20 డిగ్రీల 15 నిమిషాల 30 సెకన్లను 20.1530 అని ఎక్కిస్తే ఇదే జరుగుతుంది. సరైన అంకె 20.25833. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలపాలి. ఈ రెండు అంకెల తేడా 0.1053 డిగ్రీలు. ఒక అక్షాంశ డిగ్రీ సుమారు 111 కి.మీ. కనుక 11.7 కి.మీ. అవతల పడుతుంది. లెక్క కట్టడం కన్నా ‘సెటప్’లోని ‘పొజిషన్ ఫార్మాట్’ను ఆయన చెప్పిన రూపానికి మార్చి ఎక్కించడం మేలు. తర్వాత మీ అలవాటు రూపానికి తిప్పుకోవచ్చు, చోటు చెదరదు.

తప్పు కిలోమీటర్లలో కాక కొన్ని వందల మీటర్లే ఉంటే అనుమానించాల్సింది ‘మ్యాప్ డేటమ్’ను (అక్షాంశ రేఖాంశాల లెక్కకు ఆధారంగా తీసుకునే భూమి నమూనాను). మామూలుగా అది డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. పాత కాగితపు పటంలోంచి అంకెలు తీస్తున్నప్పుడు మాత్రం ఆ పటం అంచున రాసిన డేటమ్‌ను పెట్టి ఎక్కించి, ఆ తర్వాత మళ్లీ 84కు మార్చండి.

ప్రశ్న: ఫోన్ ఉండగా దీనికోసం వేరే పరికరం ఎందుకు?

జవాబు: ఊళ్లో, పెద్ద వలయాలకు ఫోన్ చాలు. తెర ఆపి జేబులో పెట్టాక ఫోన్ బ్యాటరీ ఆదా కోసం స్థానాన్ని అరుదుగా చూస్తుంది. ఆండ్రాయిడ్‌లో కనీసం 100 నుంచి 150 మీటర్ల వలయం పెట్టమని గూగులే యాప్‌లు రాసేవారికి చెబుతుంది. మోగడానికి రెండు నిమిషాల ఆలస్యం మామూలే. రెండు నిమిషాల్లో నడిచే మనిషి 130 మీటర్లు పోతాడు, అంటే 50 మీటర్ల వలయాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటేస్తాడు. ఒక యాప్ పెట్టుకోగల వలయాలు ఆండ్రాయిడ్‌లో 100, ఐఫోన్‌లో 20. జీపీఎస్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచే యాప్‌లు సకాలంలోనే మోగుతాయి కానీ ఆ రోజంతా ఫోన్ బతకదు. చేతి పరికరం సెకనుకోసారి స్థానం చూస్తూనే రెండు ‘ఏఏ’ బ్యాటరీలతో, కంపెనీ లెక్క ప్రకారం, జీపీఎస్‌మ్యాప్ 64లో 16 గంటలు, ఈట్రెక్స్ 30లో 25 గంటలు నడుస్తుంది.

ఆ గంటలు దక్కాలంటే తెర వెలుతురు తగ్గించి ‘బ్యాటరీ సేవ్’ ఆన్ చేయండి. తెర ఆరిపోయినా లోపల పని ఆగదు, అలారం మోగుతుంది. రీచార్జ్ బ్యాటరీలు వేస్తే ‘సెటప్’, ‘సిస్టమ్’లో బ్యాటరీ రకాన్ని ‘ఎన్ఐఎంహెచ్’కు (నికెల్ మెటల్ హైడ్రైడ్) మార్చడం మరవకండి. వాటి వోల్టేజీ 1.2, మామూలు ఆల్కలైన్‌ది 1.5. రకం మార్చకపోతే నిండు బ్యాటరీని కూడా సగం అయిపోయినట్టు చూపిస్తుంది, నమ్మి మీరు మంచి బ్యాటరీలు తీసేస్తారు.